పేరు లూటీ, పద్ధతి జాబితా: బ్యాటిల్ రాయల్ వీడియో క్రీడల్లో స్వయంచాలక వస్తుసేకరణ – పశ్చిమ కర్నూలు నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బ్యాటిల్ రాయల్ వీడియో క్రీడల్లో నేలమీద పడివున్న వస్తువులను, ఆటగాడు ప్రతిసారీ వేలితో తాకనవసరం లేకుండా, అతడు ముందే ఏర్పరచుకున్న ప్రాధాన్యాల మేరకు సంచిలోకి చేర్చే సదుపాయం ఉంది. ఆటగాళ్ళు దీనిని ఆటో పికప్ అంటారు. ఈ సదుపాయం 1980 నుండి ఎలా రూపొందిందో, ఏది ఎత్తుకోవాలన్న నిర్ణయం ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దేవనకొండ, పత్తికొండ, తుగ్గలి, ఆదోని ప్రాంతాల్లో నేటికీ జీవనాధారంగా ఉన్న ఏరివేత పనులను పోలికకు తీసుకుంటుంది.

కీలకపదాలు: బ్యాటిల్ రాయల్, ఆటో పికప్, లూటీ, పరిగె, అచ్చనగండ్లు, పబ్‌జీ, జొన్నగిరి, సుగ్గి

1. ఉపోద్ఘాతం

వీడియో క్రీడలపై తెలుగులో వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం వాటి దుష్ప్రభావాలను గురించినవే. పిల్లల చదువు, కంటిచూపు, నిద్ర, నిషేధం – చర్చ ఈ నాలుగు మాటల చుట్టూ తిరుగుతుంది. ఆ చర్చ అనవసరమని కాదు. అయితే ఒక ఆట లోపల ఏం జరుగుతుందో, అందులోని చిన్న చిన్న ఏర్పాట్లు ఎక్కడినుండి వచ్చాయో తెలుసుకోకుండా దాని ప్రభావాన్ని తూచడం సాధ్యం కాదు. పులిజూదం గురించి రాసేవారు పులులెన్ని, మేకలెన్ని, ఏ గీతమీద ఎలా నడుస్తాయో ముందు చెబుతారు. అదే మర్యాద ఫోన్‌లో ఆడే ఆటకూ దక్కాలి.

ఇక్కడ పరిశీలనకు తీసుకున్నది చాలా చిన్న విషయం. పబ్‌జీ మొబైల్‌లోనూ, దాని భారతీయ రూపమైన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాలోనూ సెట్టింగుల్లో పికప్ అనే విభాగం ఉంటుంది. ఏయే వస్తువులు దానంతట అవే సంచిలోకి రావాలి, కట్లు ఎన్ని, గ్రెనేడ్లు ఎన్ని, నొప్పి మాత్రలు ఎన్ని అన్నది ఆటగాడు అక్కడ ముందుగానే నిర్ణయిస్తాడు. ఆటలోకి దిగాక అతడు ఒక ఇంటిలోకి నడిస్తే చాలు, ఆ పట్టికకు సరిపడినవి సంచిలో చేరుతాయి, తక్కినవి నేలమీదే ఉంటాయి. చూడటానికి ఇది సౌకర్యం మాత్రమే. కాని ప్రపంచంలోని వస్తువుల విలువను వాటిని చూడకముందే నిర్ణయించడం ఇందులో ఉంది. చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించవలసింది ఈ అంశమే.

2. లూటీ అనే మాట తిరిగివచ్చిన దారి

విద్యార్థుల సంభాషణల్లో 'లూట్ చేశాం', 'ఆ ఊళ్ళో లూట్ బాగుంటుంది' వంటి మాటలు నేడు సర్వసాధారణం. ఆటలో లూట్ అంటే ఖాళీ ఇళ్ళలో పడివున్న తుపాకులు, తూటాలు, మందులు. ఈ మాటను వారు ఇంగ్లీషు మాటగా భావిస్తారు. నిజానికి అది మన నేలమీది మాటే. హిందీలోని లూట్ 18వ శతాబ్ది చివరలో ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఆంగ్లో-ఇండియన్ పదాలను సేకరించిన హాబ్సన్-జాబ్సన్ కోశం 1886 నాటికే దానికి చోటిచ్చింది. తెలుగులో అదే మాట లూటీగా నిలిచింది. రెండు శతాబ్దాల తరువాత అది తుపాకీ ఆటల ద్వారా, వేషం మార్చుకుని మళ్ళీ మన పిల్లల నోటికి చేరింది. అసందర్భమైనా ఒక మాట: తూటాలకు ఆటగాళ్ళు వాడే పొట్టిమాట తెలుగులిపిలో 'అమ్మో' అనే రాయవలసి వస్తుంది. తూటాలు అయిపోయినప్పుడు వినిపించే అమ్మో ఏ భాషదో తేల్చడం కష్టం.

లూటీకి ముందు తెలుగుకు తనవైన మాటలు ఉన్నాయి. కొల్ల, చూఱ, దోపు అలాంటివి. వీటి అర్థపరిణామం గమనించదగినది. కొల్ల అంటే దోచుకున్న సొమ్ము. నేడు కొల్లలుగా అంటే సమృద్ధిగా అని మాత్రమే అర్థం. చూఱగొను అంటే దోచుకొను. నేటి వ్యవహారంలో అభిమానాన్ని చూరగొంటారే తప్ప ధాన్యాన్ని కాదు. దోపిడికి గురైనవారి గుర్తు చెరిగిపోయి, దొరికినవారి సంతృప్తి మాత్రమే మాటలో మిగిలింది. ఆటలోని లూట్‌లోనూ జరిగింది ఇదే. ఆ ఇళ్ళు ఎవరివో, అందులోవారు ఏమయ్యారో ఆట చెప్పదు. అడగాలన్న ఆలోచనా ఆటగాడికి రాదు.

ఈ ప్రాంతానికి ఆ మాట ఊరికే వచ్చింది కాదు. 1565 యుద్ధం తరువాత విజయనగరం కొల్లగొట్టబడింది. ఆదవాని దుర్గం కొద్దికాలానికే బీజాపూరు వశమైంది, ఆపైన మొగలులకు, నిజాముకు చెందినవారికి మారింది. 1786లో టిప్పు సుల్తాను దానిని పట్టుకుని కోటను పాడుచేశాడు. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. 1816లో పిండారీలు గుంటూరు సీమదాకా వచ్చి దోచుకుపోయారు. లూటీ అంటే ఈ నేలకు గుర్రపు డెక్కల చప్పుడు.

అయితే దత్తమండలాల చరిత్రలో లూటీ పక్కనే దానికి భిన్నమైన మరొక సేకరణ పద్ధతి కనిపిస్తుంది. 1800 నుండి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాండ్ర వసూళ్ళను అణచి, పొలాలను కొలిపించి, నేలను తరగతులుగా విభజించి, ఏ పొలానికి ఎంత శిస్తో ముందే నిర్ణయించే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. గవర్నరుగా ఉండగా 1827 జూలై 6న ఆయన కలరాతో మరణించింది దేవనకొండకు పొరుగున ఉన్న పత్తికొండలోనే. లూటీదారు వచ్చి చూసి, కనబడినదాన్ని పట్టుకుపోతాడు. శిస్తు వసూలుచేసేవాడు రాకముందే ఎంత తీసుకోవాలో పట్టికలో రాసి ఉంటుంది. ఈ పోలికను ఎక్కువదూరం లాగడం నా ఉద్దేశం కాదు. శిస్తు కట్టే రైతు ఉన్నాడు, ఆటలోని నేలకు రైతు లేడు. కాని ఆటో పికప్ పనిచేసే తీరుకు లూటీ కన్నా శిస్తు పట్టికే దగ్గర. పేరు లూటీ, పద్ధతి జాబితా.

3. ఏరడానికి ఉన్న నియమాలు

నేలమీదినుండి తీసుకోవడానికి తెలుగులో దోపిడితో సంబంధం లేని మాటలు కూడా ఉన్నాయి. ఏరు, ఏరుకొను అనే క్రియలో ఎత్తుకోవడంతో పాటు ఎంచుకోవడం కూడా ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతాం, పొలంలో పత్తి ఏరుతాం. ఒకచోట పనికిరానిదాన్ని తీసివేయడం, మరొకచోట పనికివచ్చేదాన్ని తీసుకోవడం. రెండింటికీ ఒకే క్రియ చాలింది, ఎందుకంటే రెండుచోట్లా పని కంటిది.

పరిగె ఇంకా స్పష్టమైన ఉదాహరణ. పైరు కోసి, కుప్ప తరలించాక చేలో రాలిన వెన్నులను పేదలు ఏరుకోవడం పరిగె. కర్నూలు పడమటి మండలాల్లో బుడ్డలని పిలిచే వేరుశనగ పీకిన తరువాత మట్టిలో మిగిలిన కాయల కోసం తవ్వుకోవడమూ ఆ కోవలోదే. ఇది దొంగతనం కాదు, దానం కూడా కాదు. యజమాని తన కుప్ప తరలించేదాకా ఎవరూ చేలో దిగరు. తరలించాక దిగితే అతడు కాదనడు. ఎవరు, ఎప్పుడు, ఏది తీసుకోవచ్చునో ఊరికి తెలుసు. రాయని నియమం అది.

ఆటల్లో చూస్తే, ఎత్తుకోవడమే ప్రధానమైన ఆట అచ్చనగండ్లు. ఐదు గులకరాళ్ళు నేలమీద చల్లి, ఒకదానిని పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేలమీది రాళ్ళను మొదట ఒక్కొక్కటిగా, తరువాత రెండేసిగా, ఆపైన మూడు, నాలుగు కలిపి తీసుకుంటూ పోతారు. తీసుకునేటప్పుడు పక్కరాయి కదిలితే ఆట పోతుంది. కనుక ఏ రెండు రాళ్ళను జతగా తీసుకోవాలో, ఏది తరువాతి విడతకు వదలాలో ఆడే అమ్మాయి రాయి గాలిలో ఉన్న ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. ఇక్కడ ఎత్తుకోవడాన్ని ఆటనుండి తీసివేస్తే మిగిలేది ఏమీ లేదు. ఈ విషయం గుర్తుంచుకుంటే, ఎత్తుకోవడాన్ని యంత్రానికి అప్పగించిన ఆటలు ఏ నిర్ణయం తీసుకున్నాయో బోధపడుతుంది.

4. గుర్తు మాత్రమే తెలిసిన యంత్రం

కంప్యూటరు క్రీడల్లో స్వయంచాలక సేకరణకు బ్యాటిల్ రాయల్ మూలం కాదు. దాదాపు నాలుగు దశాబ్దాలు వెనక్కి వెళ్ళాలి. 1980లో మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ రూపొందించిన రోగ్ అనే ఆటలో బొమ్మలు లేవు, తెరమీద అక్షరాలు, గుర్తులు మాత్రమే. ఆటగాడు ఒక వస్తువున్న గడిమీదికి నడిస్తే అది దానంతట అదే సంచిలో చేరేది. ఎత్తకుండా దానిమీదికి నడవాలంటేనే వేరే మీట నొక్కాలి. అంటే స్వయంచాలకత్వమే సహజస్థితి, వదిలేయడమే ప్రయత్నంతో చేయవలసిన పని.

ఆ కుదురునుండి వచ్చిన నెట్‌హ్యాక్ 1987లో వెలువడింది. నేటి పికప్ సెట్టింగుకు నేరుగా పూర్వరూపం ఇదే. ఇందులో ఆటో పికప్‌ను ఒక మీటతో ఆపవచ్చు, నడపవచ్చు. అంతకన్నా ముఖ్యంగా ఏయే తరగతుల వస్తువులను ఎత్తుకోవాలో ఆటగాడు ముందే రాసిపెట్టుకోవచ్చు. డాలరు గుర్తు నాణేలకు, ప్రశ్నార్థకం మంత్రపత్రాలకు, ఆశ్చర్యార్థకం పానీయాలకు, నక్షత్రం గుర్తు రత్నాలకు, రాళ్ళకు. ఈ గుర్తులను వరుసగా రాస్తే అదే ప్రాధాన్యాల పట్టిక. ఆట తయారుచేసినవారి చేతిలోని నిర్ణయం ఇలా మొదటిసారి ఆడేవారి చేతికి వచ్చింది.

నెట్‌హ్యాక్ రచయితలు అక్కడితో ఆగలేదు. పట్టికను నమ్ముకున్నవాడికి కొన్ని ఉచ్చులు కూడా పన్నారు. తెల్లని రత్నం అని తెరమీద కనబడేది వజ్రం కావచ్చు, విలువలేని తెల్లగాజు ముక్క కావచ్చు. పరీక్షించేదాకా రెండింటి పేరూ ఒకటే, గుర్తూ ఒకటే. అదే నక్షత్రం గుర్తు కింద ఒక బూడిదరంగు రాయి ఉంటుంది. అది సామాన్యంగా శాపగ్రస్తం. విపరీతమైన బరువు, ఒకసారి సంచిలో చేరితే మామూలుగా కింద పెట్టడం కుదరదు. రత్నాలన్నీ రావాలని పట్టికలో రాసుకున్నవాడి సంచిలోకి అదీ వచ్చి కూర్చుంటుంది. భయపెట్టే పత్రం మరొకటి. అది నేలమీద ఉన్నంతవరకు దానిమీద నిలిచినవాణ్ణి చాలా రాక్షసులు నేరుగా తాకలేవు. సాధారణంగా ఒకసారి తీసి పెట్టినదాన్ని రెండవసారి ఎత్తితే పొడి అయిపోతుంది. రక్షణగా కాళ్ళకింద పెట్టుకున్న పత్రం, ఆటో పికప్ ఆపడం మరచినవాడి చేతిలో ధూళిగా మారుతుంది. యంత్రానికి తరగతి తెలుసు, వస్తువు తెలియదు. ఈ భేదాన్ని ఇంత తేటగా చూపిన ఆట మరొకటి నాకు కనబడలేదు.

1993 డిసెంబరులో వచ్చిన డూమ్‌తో పద్ధతి మళ్ళీ మారింది. పరుగెత్తుతూ కాల్చే ఆట కనుక ఆగి ఎంచుకునే తీరిక లేదు. తొక్కినదల్లా చేరుతుంది. కాని ప్రాణబలం పూర్తిగా ఉన్నప్పుడు మామూలు మందుపెట్టెను తొక్కినా అది నేలమీదే ఉండిపోతుంది. తూటాలకు 200 హద్దు, వీపుసంచి దొరికితే 400. పట్టిక ఇక్కడా ఉంది. అయితే దానిని రాసింది ఆటగాడు కాదు, తయారీదారు. అక్కర తీరినవాడికి ఇంకా ఇవ్వరాదన్న మర్యాదను అతడు ప్రోగ్రాములోనే పొందుపరిచాడు.

5. సంచి పంచిన కథ, నేలమీద చల్లిన ఆట

బ్యాటిల్ రాయల్ అనే పేరు 1999లో వచ్చిన కౌషున్ తకామి జపనీ నవలది. 2000లో కింజి ఫుకసాకు దానిని చలనచిత్రంగా తీశారు. బడిపిల్లలను ఒక దీవిలో వదిలి, ఒక్కరే మిగిలేదాకా చంపుకోమంటారు. మనకు ఇక్కడ అవసరమైన వివరం ఒకటే. ఆ కథలో ఎవరూ ఏదీ ఏరుకుంటూ బయలుదేరరు. బయలుదేరే ముందు ప్రతి ఒక్కరికీ ఒక సంచి ఇస్తారు. అందులో ఏముంటుందో అదృష్టం. చిత్రంలో ఒకరికి తుపాకీ వస్తే, కథానాయకుడికి వంటపాత్ర మూత వస్తుంది. చీటీ వేసినట్టు విధి పంచిన ఆయుధాలవి.

ఐర్లండుకు చెందిన బ్రెండన్ గ్రీన్ ఆ చిత్రం స్ఫూర్తితో 2013లో ఆర్మా 2 అనే సైనిక క్రీడపై కట్టిన డేజీ ఆటకు ఒక మార్పుచేర్పు రూపొందించాడు. డేజీ ఆటలో కరవు ప్రధానం. పాడుబడిన ఊళ్ళలో ఒక డబ్బా తిండి కోసం గంటలతరబడి వెతకాలి. చిత్రంలోని ఒక్కరే మిగలాలన్న నియమం, డేజీ ఆటలోని వెతుకులాట కలిసినప్పుడు బ్యాటిల్ రాయల్ క్రీడ పుట్టింది. సంచిలో పంచినది నేలమీద చల్లబడింది. అదృష్టం స్థానంలో వెతుకులాట వచ్చింది. కనుక ఎత్తుకోవడమనే క్రియ ఈ క్రీడాజాతికి అలంకారం కాదు, దాని నిర్వచనంలోనే ఉంది.

2017 మార్చి 23న కొరియా సంస్థ బ్లూహోల్ ద్వారా పబ్‌జీ కంప్యూటర్లపైకి వచ్చింది. 100 మంది విమానంనుండి చేతులు ఊపుకుంటూ దూకుతారు. చుట్టూ గిరి బిగుసుకుంటూ వస్తుంది. మొదటి నిమిషంలో ఎవరికి తుపాకీ దొరికిందన్నదే చాలామంది ఆయుష్షును నిర్ణయిస్తుంది. కంప్యూటరులో వస్తువులను ఒక మీటతో ఎత్తవచ్చు, లేదా పట్టీ తెరిచి మౌసుతో లాగవచ్చు. పట్టీ తెరిచినంతసేపు ఆటగాడి దృష్టి చుట్టుపక్కల ఉండదు. ఆ రెండు మూడు సెకన్ల నిస్సహాయతే ఆటకు ఉత్కంఠనిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఫోర్ట్‌నైట్ బ్యాటిల్ రాయల్ 5 గడులు మాత్రమే ఇచ్చి, తూటాలు నడిచిపోతూంటే వాటంతటవే చేరేలా చేసింది. ఏ రకం వస్తువు ఏ గడిలోకి పోవాలో ముందే చెప్పుకునే సెట్టింగును తరువాత జోడించింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్ మరో దారి పట్టింది. తనకు అక్కరలేని వస్తువును ఆటగాడు ఒక మీటతో గుర్తుపెట్టి జతగాళ్ళకు చూపవచ్చు. నాకు వద్దు, నీకు కావాలేమో అన్న మాటను యంత్రం పలుకుతుంది. పట్టిక పద్ధతిలో ఎన్నటికీ రాని మాట అది.

6. రెండు బొటనవేళ్ళు

2018 మార్చిలో టెన్సెంట్ సంస్థ పబ్‌జీ మొబైల్‌ను ప్రపంచానికంతటికీ విడుదల చేసింది. చౌకడేటా అప్పటికే పల్లెలకు చేరింది. కంప్యూటరు లేని ఇళ్ళలోకి ఈ క్రీడ ఫోన్ ద్వారా వచ్చింది. పికప్ సెట్టింగుకు ఇక్కడే అసలైన అవసరం ఏర్పడింది.

కారణం చేతికి సంబంధించినది. ఫోన్‌పై ఆడేవాడికి సామాన్యంగా రెండు బొటనవేళ్ళే పనిముట్లు. ఎడమది నడుపుతుంది, కుడిది చూపును తిప్పుతుంది, కాలుస్తుంది. వస్తువు ఎత్తడానికి మూడవ వేలు లేదు. ఎత్తాలంటే చూపునైనా, నడకనైనా ఆపాలి. కనుక చేతికి ఉన్న లోటును తీర్చడానికి యంత్రం ముందుకు వచ్చింది. కంప్యూటరులో నైపుణ్యంగా ఉన్న క్రియ ఫోన్‌లో చాకిరీగా మారి, సెట్టింగులోకి తరలిపోయింది.

పట్టిక ఎలా పనిచేస్తుందో కొంత చూడాలి. ఎం416 వంటి తుపాకీ చేత ఉంటే 5.56 తూటాలు, ఏకేఎం అయితే 7.62 తూటాలు కావాలి. మొదటి స్థాయి శిరస్త్రాణం ఉన్నవాడికి రెండవ స్థాయిది ఎదురైతే అది మారుతుంది. ఇవి చిక్కులేనివి, ఎందుకంటే ఇక్కడ మంచిదేదో అందరికీ ఒకటే. చిక్కు మందులు, గ్రెనేడ్ల దగ్గర వస్తుంది. ప్రథమచికిత్స పెట్టె ప్రాణబలాన్ని 75 శాతం వరకే తెస్తుంది. పూర్తిగా నింపే మెడ్‌కిట్ అరుదు, వాడటానికి ఎక్కువసేపు పడుతుంది. పొగ గ్రెనేడ్లు ఎక్కువ పెట్టుకునేవాడు జతగాడిని కాపాడాలనుకునేవాడు, పేలుడు గ్రెనేడ్లు పెట్టుకునేవాడు ఇంటిలో దాగినవాడిని బయటికి రప్పించాలనుకునేవాడు. సంచిలో చోటు పరిమితం కనుక ఒక సంఖ్య పెంచితే మరొకటి తగ్గాలి. ఆ పట్టికను చూస్తే ఆటగాడి స్వభావం చాలావరకు చదవవచ్చు. ఆరితేరినవారు సదుపాయాన్ని పూర్తిగా నమ్మరు. సంఖ్యలను తగ్గించి పెట్టుకుంటారు, కొన్నిటిని చేతితోనే తీసుకుంటారు. ఏమీ మార్చకుండా ఆడేవాడు తయారీదారు రాసిన పట్టికతో ఆడుతున్నాడు. తాను ఎంచుకోలేదన్న సంగతి కూడా అతడికి తెలియదు.

ఈ చరిత్ర మనదేశంలో అఖండంగా సాగలేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం సమాచార సాంకేతిక చట్టం 69ఏ విభాగం కింద 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30 నుండి సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలై 2న క్రాఫ్టన్ సంస్థ బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌పై నిషేధం పడింది. ఆ జూలై 28న బ్యాటిల్‌గ్రౌండ్స్ కూడా యాప్ దుకాణాలనుండి మాయమై, 2023 మే నెలాఖరున మళ్ళీ వచ్చింది. ఈసారి 18 ఏళ్ళలోపువారికి రోజుకు 3 గంటలు, తక్కినవారికి 6 గంటలు అన్న హద్దుతో వచ్చింది. నిషేధాలకు కారణం దేశభద్రత, సమాచారం ఎక్కడికి చేరుతోందన్న శంక. ఫోన్ యజమానికి తెలియకుండా అతడి వివరాలను యాప్‌లు పోగుచేస్తున్నాయన్నది ఆరోపణ. ఆటలోపల ఆటగాడు తన పట్టిక మేరకు వస్తువులు పోగుచేస్తుంటే, ఆట వెలుపల యాప్ తన పట్టిక మేరకు అతడినుండి ఏమి పోగుచేస్తున్నదన్న ప్రశ్న ప్రభుత్వాన్ని కదిలించింది. పిల్లల చదువు గురించి తల్లిదండ్రులు చేసిన ఫిర్యాదుల కన్నా ఈ రెండవ సేకరణే ఆటను ఆపగలిగింది.

7. పట్టికకు లొంగని వెతుకులాట

నెట్‌హ్యాక్‌లోని తెల్లని రత్నం చిక్కు ఈ ప్రాంతంవారికి కథ కాదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ, మద్దికెర పరిసరాల చేలలో వజ్రాల కోసం జనం వెతకడం ఏటా జరిగేదే. అనంతపురం, బళ్ళారి వైపులనుండి కూడా వస్తారు. వాన మట్టిని కడిగి రాళ్ళను పైకి తేలుస్తుంది. తల వంచుకుని, సాళ్ళవెంట నెమ్మదిగా నడుస్తూ, మెరిసినదాన్ని వంగి తీసుకుంటారు. దక్షిణాన వజ్రకరూరు వద్ద వజ్రాలు పుట్టే కింబర్లైటు శిలలు ఉన్నాయి. కర్నూలుకు చేరువలోని రామళ్ళకోట వద్ద పాత వజ్రపు తవ్వకాలు ఉన్నాయి. కనుక ఆశకు ఆధారం లేకపోలేదు. అయితే ఏరినవాటిలో అత్యధికం పలుగురాళ్ళే. ఏది ఏదన్నది వ్యాపారి చేతికి వెళ్ళేదాకా తేలదు. మెరిసేదల్లా ఎత్తాలన్న నియమం పెట్టుకుంటే ఒడి నిండుతుంది తప్ప కడుపు నిండదు. మెరవనిదాన్ని వదిలెయ్యాలన్నా ప్రమాదమే. మట్టి పట్టిన వజ్రం మెరవదు.

యజమాన్యం ప్రశ్న కూడా ఇక్కడ మాయం కాదు. విత్తనం పడిన చేలలో తొక్కవద్దని రైతులు అడ్డుచెప్పడం పత్రికల్లో దాదాపు ఏటా వస్తుంది. పరిగెకున్న కాలనియమం దీనికీ ఉంది. విత్తేలోపు వెతుక్కోవచ్చు, విత్తాక దిగరాదు.

వెతికేది ఒకటి, దొరికేది మరొకటి కావడానికి ఈ నేలమీద ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. జొన్నగిరికి సమీపాన ఎర్రగుడి వద్ద బండలపై ఉన్న అశోకుని శాసనాలను 1920ల చివర లోకానికి తెలిపినవాడు చరిత్రకారుడు కాదు, అనూ ఘోష్ అనే భూగర్భశాస్త్రవేత్త. రాళ్ళను రాళ్ళుగా చూసే వృత్తి ఆయనది. బండమీది అక్షరాలు ఆయన పట్టికలో ఉండవలసినవి కావు. తన తరగతికి చెందనిదాన్ని దాటిపోవడమే నియమమైతే అవి మరికొంతకాలం మేకల కాపరులకే తెలిసి ఉండేవి.

8. ఖాళీ ఇళ్ళు

బ్యాటిల్ రాయల్ పటంలో ఇళ్ళన్నీ ఖాళీ. తలుపు తోస్తే తెరుచుకుంటుంది, లోపల మంచం, బల్ల, నేలమీద తుపాకీ. దేవనకొండ, ఆస్పరి, హొళగుంద, కోసిగి మండలాల ఊళ్ళలో కూడా ఏడాదిలో కొన్ని నెలలు తాళం వేసిన ఇళ్ళు కనిపిస్తాయి. వాన తప్పిన ఏడు ఇంకా ఎక్కువ. ఆ ఇళ్ళవారు సుగ్గికి పోయి ఉంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల పండుగకాలం. సరిహద్దు దాటి తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకు పిల్లాపాపలతో, గిన్నెలు బియ్యంతో గుంటూరు వైపుకో తెలంగాణకో పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వలసపోవడం అనే అర్థం స్థిరపడింది. లూట్ అన్న మాటకు జరిగినదానికి ఇది తలకిందులు. అక్కడ దుఃఖం పోయి లాభం మిగిలింది, ఇక్కడ పండుగ పోయి వలస మిగిలింది.

ఆ కూలీ చేసే పనిని ఆట భాషలో చెప్పాలంటే పికప్ అనే చెప్పాలి. పత్తిచేలో విచ్చిన కాయనే తీయాలి, విచ్చనిది వదలాలి. ఎండాకు ముక్క దూదికి అంటరాదు. మంచు ఆరకముందే తీస్తే తేమ ఎక్కువవుతుంది. తేమ 8 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనుగోలులో ధరకు కోతపడుతుంది, 12 దాటితే కొనరు. ఆదోని మార్కెట్ యార్డులో నిర్ణయమయ్యే ఈ ప్రాధాన్యాల పట్టిక చేనులో వంగిన మనిషి వేళ్ళదాకా వచ్చి చేరుతుంది. పట్టిక ఉంది, పట్టిక రాసినవారు వేరే ఉన్నారు, ఎత్తేవారు వేరే ఉన్నారు. స్వయంచాలకం కానిది ఎత్తడం ఒక్కటే.

ఆటల తయారీదారులు ఎత్తడాన్ని చాకిరీగా గుర్తించి ఆటగాడిని దానినుండి విముక్తుణ్ణి చేశారు. అది చాకిరీయేనని ఒప్పుకున్న మొదటివారు బహుశా వారే. ఇదే కాలంలో పత్తి తీసే యంత్రాలు మన చేలలో విస్తారంగా దిగలేదు. కాయలు ఒకేసారి విచ్చని రకాలు, చిన్న కమతాలు అందుకు అడ్డు. యంత్రం విచ్చినదాన్నీ ఆకునూ కలిపి లాగుతుంది. ఆకును వేరుచేయడానికి మరో యంత్రం కావాలి. మనిషి చేయి ఆ రెండు పనులూ ఒక్క కదలికలో చేస్తుంది. దానికి కూలి కిలోల లెక్కన కడతారు. ఏరకుండా వదిలేసినదాన్ని ఎవరూ లెక్కించరు, అది వదలవలసినదే అయినా.